పంచగని హాస్టల్ పిల్లవాడు – ఫ్రెడ్డీ మెర్క్యురీ

 

ఈసారి మన గోడపత్రికలో ఒక పాటగాడి జీవితం రాస్తున్నాను. ఆయన పాడింది ఇంగ్లీషులో. పేరు తెచ్చుకున్నది ఇంగ్లండులో. కానీ పియానో మీద చెయ్యి తిరిగింది, మొదటిసారి జట్టు కట్టి వాయించింది మాత్రం మన దేశంలోనే, ఒక హాస్టల్లో. అది ఫీజులు కట్టే స్కూలు, మనది సర్కారు స్కూలు. ఆ తేడా ఉంది. అయినా చిన్న వయసులో ఇల్లు వదిలి ఉండడం ఎక్కడైనా ఒకటే కదా!

పుట్టుక

ఫ్రెడ్డీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో పుట్టాడు. మ్యాపులో ఆఫ్రికాకు తూర్పు వైపు, టాంజానియా పక్కన సముద్రంలో చూడండి, ఆ దీవి కనిపిస్తుంది. అప్పట్లో అక్కడ బ్రిటిషువాళ్ల పెత్తనం. తండ్రి పేరు బోమీ, తల్లి పేరు జెర్. వాళ్లు గుజరాత్ వైపు నుంచి వెళ్లిన పార్సీలు. తండ్రి సర్కారు ఆఫీసులో క్యాషియరు. ఫ్రెడ్డీకి కష్మీరా అని ఒక చెల్లెలు.

హాస్టల్లో రెండు పేర్లు

ఎనిమిదేళ్ల వయసులో తల్లిదండ్రులు అతన్ని మహారాష్ట్రలోని పంచగనికి చదువుకి పంపించారు. పంచగని కొండల మీద ఊరు, చలి ఎక్కువ. అక్కడ సెయింట్ పీటర్స్ స్కూల్లో చేర్పించారు. జాంజిబార్ నుంచి బొంబాయికి ఓడలో రోజుల తరబడి ప్రయాణం. మనం అయితే సంక్రాంతి సెలవులకు రోజులు లెక్కపెట్టుకుంటాం, ట్రంకుపెట్టె సర్దుకుని బస్సెక్కేస్తాం. అతనికి ఆ వీలు లేదు. చిన్న సెలవులు వస్తే బొంబాయిలో బంధువుల ఇంటికి పోయేవాడు. అమ్మానాన్నలు సముద్రానికి అవతల ఉన్నారు.

హాస్టల్ పిల్లలు అతనికి రెండు పేర్లు పెట్టారు. ఒకటి ఫ్రెడ్డీ. ఫరోఖ్ అనడం కష్టమై ముద్దుగా అలా పిలిచారు. ఆ పేరు అతనికి నచ్చింది. ఇంట్లోవాళ్లు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు.

రెండో పేరు బకీ. మన మాటలో చెప్పాలంటే ఎత్తుపళ్లోడు. అతని నోట్లో వెనక వైపు నాలుగు పళ్లు ఎక్కువ ఉండేవి. అవి తోసేసరికి ముందు పళ్లు బయటికి వచ్చాయి. అందుకే ఆ పేరు పెట్టి ఏడిపించేవారు. ఇల్లు దూరం, పైగా ఈ ఎగతాళి. ఎవరికి చెప్పుకుంటాడు?

కానీ ఫ్రెడ్డీ ముడుచుకుని కూర్చోలేదు. టేబుల్ టెన్నిస్‌లో స్కూలు చాంపియన్ అయ్యాడు. 1958లో జూనియర్లలో ఆల్‌రౌండర్ బహుమతి తీసుకున్నాడు. స్కూలు బృందగానంలో పాడేవాడు. పియానో పాఠాలు నేర్చి పరీక్షలు పాసయ్యాడు. రేడియోలో ఒక పాట విన్నాడంటే పోయి పియానో మీద వాయించేసేవాడట. 12 ఏళ్ల వయసులో నలుగురు స్నేహితులతో కలిసి హెక్టిక్స్ అని జట్టు కట్టాడు. స్కూలు ఫంక్షన్లలో వాళ్లు వాయిస్తుంటే పిల్లలు గోల గోల చేసేవారు. ఆ జట్టులో మాత్రం ఫ్రెడ్డీది ముఖ్యంగా పియానోయే, ముందు నిలబడి పాడింది వేరే అబ్బాయి.

ఇంగ్లండులో కష్టాలు

1963లో జాంజిబార్ తిరిగి వెళ్లాడు. 1964 జనవరిలో అక్కడ తిరుగుబాటు వచ్చింది. వేలమంది చనిపోయారు. బుల్సారా కుటుంబం ఇల్లు వాకిలి వదిలేసి ఇంగ్లండు చేరింది. అప్పుడు ఫ్రెడ్డీకి 17 ఏళ్లు. లండన్ విమానాశ్రయానికి దగ్గర ఫెల్తమ్ అనే చోట చిన్న ఇంట్లో దిగారు. ఖర్చుల కోసం విమానాశ్రయంలో సామాన్లు మోసే పని కూడా చేశాడు. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో బొమ్మలు, డిజైను చదివి 1969లో పూర్తి చేశాడు. తర్వాత స్నేహితుడు రోజర్ టేలర్‌తో కలిసి కెన్సింగ్టన్ మార్కెట్లో పాత బట్టలు అమ్మాడు.

ఆ రోజర్ టేలర్ డ్రమ్ములు వాయిస్తాడు. బ్రయాన్ మే అనే ఇంకో కుర్రవాడు గిటారు. 1970లో వాళ్ల పాటగాడు వెళ్లిపోతే ఆ చోటులోకి ఫ్రెడ్డీ వచ్చాడు. జట్టుకు క్వీన్ అని, అంటే రాణి అని పేరు పెట్టింది ఆయనే. తన ఇంటిపేరు కూడా మార్చుకుని మెర్క్యురీ అని పెట్టుకున్నాడు. ఒక పేరు హాస్టల్ ఇచ్చింది, ఒక పేరు తనకు తానే ఇచ్చుకున్నాడు. జట్టు గుర్తు బొమ్మ కూడా స్వయంగా గీశాడు. 1971లో జాన్ డీకన్ వచ్చి చేరాక నలుగురయ్యారు.

పాటలు

గిటార్లు, డ్రమ్ములు, గట్టి మోత, దాని మీద గొంతెత్తి పాడడం, దీన్నే రాక్ సంగీతం అంటారు. 1975లో ఫ్రెడ్డీ బొహీమియన్ రాప్సడీ అనే పాట రాశాడు. అది దాదాపు 6 నిమిషాలు. ఇంత పొడుగు పాట రేడియోలో వెయ్యరని కంపెనీవాళ్లు వద్దన్నారు. ఆయన ఒక్క ముక్క కూడా కోయనివ్వలేదు. పాట మధ్యలో పెద్ద గుంపు పాడినట్టు వినిపిస్తుంది. నిజానికి పాడింది ముగ్గురే! టేపు మీద గొంతు మీద గొంతు మళ్లీ మళ్లీ రికార్డు చేసి అలా చేశారు. ఆ పాట ఇంగ్లండులో 9 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

1985 జులై 13న ఇథియోపియా కరువు బాధితుల సాయానికి లండన్ వెంబ్లీ మైదానంలో పెద్ద కచేరీ జరిగింది. 72,000 మంది జనం. క్వీన్ జట్టుకు ఇచ్చింది సుమారు 20 నిమిషాలు. చేతిలో సగం కర్ర ఉన్న మైకు పట్టుకుని ఫ్రెడ్డీ కూత పెడితే మైదానం అంతా తిరిగి కూత పెట్టింది. ఆయన చప్పట్లు కొడితే అన్ని వేల చేతులూ ఒక్కసారే లేచాయి. ఇప్పటికీ రాక్ కచేరీల్లో అదే గొప్పదని చాలామంది చెప్తారు.

పళ్ల సంగతి

ఇంత డబ్బు వచ్చాక పళ్లు సరి చేయించుకోవచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. ఆయన చేయించుకోలేదు. నోరు మారితే గొంతు మారిపోతుందని భయం. ఏ పళ్లను చూసి నవ్వారో ఆ పళ్లను గొంతు కోసం అలాగే ఉంచుకున్నాడు. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. నవ్వేటప్పుడు చేత్తోనో పెదవితోనో పళ్లు కప్పుకునే అలవాటు మాత్రం పోలేదు. వేలమంది ముందు భయం లేకుండా పాడిన మనిషికి కూడా హాస్టల్లో పడ్డ మాట పెద్దయ్యేదాకా గుచ్చుకుంటూనే ఉందన్నమాట.

జబ్బు

1987లో ఆయనకు ఎయిడ్స్ అని తెలిసింది. అప్పట్లో సరైన మందులు లేవు. ఎయిడ్స్ అంటే జనం దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆయన తోటి మగవాడితో కలిసి జీవించేవాడని పత్రికలు వెంటపడి రాసేవి. సన్నగా అయిపోయి నిలబడలేని స్థితిలో కూడా స్టూడియోకి వెళ్లి పాడాడు. కలిసి జీవించిన జిమ్ హటన్ చివరి వరకు సేవ చేశాడు. 1991 నవంబరు 23న తన జబ్బు సంగతి లోకానికి చెప్పాడు. మర్నాడు 24న చనిపోయాడు. 45 ఏళ్లే. పార్సీ పూజారులే అంత్యక్రియలు చేశారు. 1992లో స్నేహితులు వెంబ్లీలోనే ఆయన పేరున కచేరీ పెట్టారు. ఎయిడ్స్ రోగుల సాయానికి ఆయన పేరున ట్రస్టు పెట్టారు.

గుర్తుంచుకోండి. పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఎయిడ్స్ అంటదు. ఇప్పుడు మందులు ఉన్నాయి, వాడితే చాలా ఏళ్లు బతకొచ్చు.

మనం చెయ్యాల్సింది

మన హాస్టల్లో కూడా అసలు పేరుతో పిలవబడని వాళ్లు ఉన్నారు. రంగు చూసి, నత్తి చూసి, ఊరు చూసి పెట్టిన పేర్లు అవి. పెట్టినవాడు సాయంత్రానికి మర్చిపోతాడు. పడ్డవాడు మర్చిపోడు. పిలిచే ముందు ఆ పేరు ఫ్రెడ్డీ లాంటిదా, బకీ లాంటిదా అని ఒక్కసారి ఆలోచించండి.

ఇంకొక మాట. ఆ అయిదుగురు పిల్లలు జట్టు కట్టినప్పుడు ఫ్రెడ్డీకి 12 ఏళ్లు, అంటే మన ఏడో తరగతి. మన దగ్గర డప్పు కొట్టేవాళ్లున్నారు, తుడుం కొట్టేవాళ్లున్నారు, గొంతు ఉన్నవాళ్లున్నారు. వార్డెన్ సార్ ఆదివారం సాయంత్రం ఒక గంట ఇస్తే మనమూ ఒక జట్టు కట్టొచ్చు. పేర్లు ఇవ్వదలిచినవాళ్లు ఈ కాగితం కింద ఖాళీలో రాయండి. అసలు పేర్లే రాయండి.