మూసారాముడు

నాదర్‌గుల్ నుండి హైదరాబాదు నగరమునకు వచ్చువారికి ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లు దాటిన పిమ్మట మూసారాంబాగ్ అను పేట కనబడును. ఇది ఎవరో రామభక్తుని తోట కాబోలునని తలచుట వింత గాదు. కాని అది నిజామునకు ఫిరంగులు పోతపోయించిన ఒక ఫ్రెంచివాని పేరు.

మిషెల్ జోకిం మారీ రేమండు 1755లో ఫ్రాన్సు దేశమున జన్మించెను. ఇరువదేండ్ల ప్రాయమున వర్తకము చేయదలచి పుదుచ్చేరికి వచ్చి, త్రాసు విడిచి కత్తి పట్టెను. మొదట మైసూరు సేనలోను, పిమ్మట ఫ్రెంచి సేనాని బుస్సీ కొలువులోను పనిచేసెను. 1785లో బుస్సీ మరణింపగా నిజాము అలీఖానును ఆశ్రయించెను. నాడు ఆతని వెంట మున్నూఱుమంది సిపాయిలే యుండిరి. వారి తుపాకులు సైతము అద్దెకు తెచ్చినవే. పదేండ్లలో ఆ దళము పదివేలకు మించెను.

అద్దె తుపాకులతో రాజ్యము నిలువదు గదా! 1786 ప్రాంతమున రేమండు ఫతేమైదానమునకు చేరువ ఒక పోతశాల కట్టించెను. జనులు దానిని తోప్ కా సాంచా యనిరి. నేటి గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు దాని వలననే వచ్చినది. ఫిరంగి చేయుట ఆ కాలమున గొప్ప శాస్త్రవిద్య. రాగిని, తగరమును తగుపాళ్ల కరగించి మూసలో పోయవలెను. చల్లారిన గొట్టమును తిన్నగా తొలువవలెను. లోహములో గాలిబుడగ మిగిలెనా, ఆ ఫిరంగి శత్రువును విడిచి పేల్చినవానినే చంపును.

రేమండు దయాళువని పేరొందెను. ఫ్రెంచివారి మొసియే అను గౌరవపదము జనుల నోట మూసాగా మాఱినది. హిందువులు ఆతనిని మూసారాముడనిరి, మహమ్మదీయులు మూసా రహీమనిరి.

అయినను దయగల మనస్సు ఫిరంగి మూతి ఎటు తిరుగవలెనో నిర్ణయింపజాలదు. 1795 మార్చిలో ఖర్దాయొద్ద మరాఠాలతో జరిగిన యుద్ధమున రేమండు దళము గట్టిగా నిలిచెను గాని, నిజాము వెనుదిరుగుటచే అదియు మరలిపోవలసి వచ్చెను. ఆ యేడే నిజాము కుమారుడు అలీజా తండ్రిపై తిరుగబడెను. ఆతనిని పట్టి తెచ్చుటకు రేమండునే పంపిరి. బందీయైన రాకుమారుడు హైదరాబాదు చేరకమునుపే, దారిలో విషము త్రాగి మరణించెను. పరరాజులకై కూర్చిన బలము ప్రభువు కన్నకొడుకు పైననే నడిచినది. కొలువిచ్చినవాని మాటయే ధర్మమని నమ్మిన కాలమది. ఆ నమ్మకము రేమండు తప్పును కొంత తేలిక చేయునేమో గాని, తుడిచివేయజాలదు.

1798 మార్చి 25వ తేదీన రేమండు నలువది మూడవ యేట కన్నుమూసెను. ఏడు నెలలైనను గడువకమునుపే, అక్టోబరు 22న, ఇంగ్లీషువారు ఆతని దళమును చుట్టుముట్టి, రక్తపాతము లేకుండ ఆయుధములు లాగికొనిరి. ఏ ఇంగ్లీషువారిని నిలువరింప ఆతడు జీవితమంతయు శ్రమించెనో, ఆ బలము వారి వశమయ్యెను. మఱుసటి యేడు ఆ సిపాయిలలో కొందఱు టిప్పుసుల్తానుపై శ్రీరంగపట్టణమునకు నడిచిరి. రేమండు తొలుత కొలువు చేసినది ఆ మైసూరు సేనలోనే!

ఇట్టి చిక్కు తరువాతి శాస్త్రజ్ఞులకును తప్పలేదు. 1945 జులైలో లియో జిలార్డును, ఆతనితో అణుబాంబు పనిలో పాల్గొన్న పలువురును, లొంగుబాటు నిబంధనలు ముందుగా తెలుపక జపానుపై బాంబు వేయరాదని అమెరికా అధ్యక్షునకు విన్నపము వ్రాసిరి. అప్పటికి బాంబు వారి చేయి దాటిపోయినది. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములు దగ్ధమయ్యెను. నాదర్‌గుల్‌కు అనతిదూరమున నేడు క్షిపణుల పరిశోధనశాలలు కలవు. అచట పనిచేయువారి యెదుటను ఆ ప్రశ్న నిలిచియేయున్నది.

రేమండు సమాధి దిల్‌సుఖ్‌నగర్‌కు చేరువ ఆస్మాన్‌గఢ్ కొండపై నున్నది. దానిపై ఎత్తైన రాతిస్తంభము కలదు. ఆతడు పోయిన దినమున ఏటేట హిందువులును మహమ్మదీయులును ఆ కొండయెక్కి చిరకాలము దీపములు వెలిగించిరి.