గోదా నుండి బడికి: వస్తాదు కోడి రామమూర్తి

మన ఇళ్ళలో కుస్తీ మాట రాగానే పెద్దలు గామా పహిల్వాన్‌ను తలచుకుంటారు. 1878లో అమృత్‌సర్ ప్రాంతంలో పుట్టి, పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆ మల్లుడు 1910లో లండన్‌లో పోలెండు దేశస్థుడు జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడ్డాడు. ఆ పోటీ తేలలేదు. 1928లో పాటియాలాలో అదే జిబిస్కోను నిమిషం లోపే చిత్తు చేశాడు. ఉర్దూ చదివే ఇళ్ళలో ఈ కథ తెలియని వారుండరు. అదే కాలంలో మన తెలుగు నేల మీద మరొక పిల్లవాడు, అతడూ పసితనంలో తల్లిని పోగొట్టుకున్నవాడు, ఒక చెరువుగట్టున దండీలు, బస్కీలు తీస్తూ పెరిగాడు. ఆయనే కోడి రామమూర్తి నాయుడు. పేరు అందరూ విన్నదే. అయితే ఆయన ఛాతీ మీద నడిచిన ఏనుగు గుర్తున్నంతగా, ఆయన హైస్కూలులో చేసిన ఉద్యోగం ఎవరికీ గుర్తు లేదు. మేము ఈ వారం చెప్పదలచుకున్నది ఆ ఉద్యోగం గురించే.

ముందుగా రెండు మాటలు చూద్దాం. మన తెలంగాణలో కుస్తీ నేర్పే చోటును తాలీం అంటాము. మదరసాలో కూర్చున్న పిల్లవాడు పొందేదీ తాలీమే. అరబీ నుండి ఉర్దూకు వచ్చిన ఆ మాటకు విద్య నేర్పడమని అర్థం. ఇక తెలుగువారు మల్లుణ్ణి వస్తాదు అంటారు. అది మన ఉస్తాదే, అంటే గురువు. మట్టి గోదాలో పట్లు నేర్పే చోటుకూ పలక పట్టించే చోటుకూ మన పూర్వికులు ఒకే పేరు పెట్టుకున్నారు. పేరు ఒకటే మిగిలింది, పనులు మాత్రం విడిపోయాయి. మేముండే ఖిలా వరంగల్‌లో మట్టికోటకూ రాతికోటకూ మధ్య నేలకు కరువు లేదు. తెల్లవారుజామున ఆ నేల మీదికి వచ్చే పిల్లలకే కరువు. కొడుకు పదో తరగతికి రాగానే తల్లిదండ్రులు ముందుగా మాన్పించేది కసరత్తునే. మరోవైపు, తాలీం రుచి మరిగి బడి మానేసిన పిల్లలూ ఉన్నారు. పహిల్వాన్ అంటే భూముల తగాదాల్లో బెదిరింపులకు పిలిచే మనిషి అనే అర్థం నగరాల్లో స్థిరపడిపోవడానికి అటువంటివారే కారణం. దైవప్రవక్త (స) రుకానా అనే మల్లునితో కుస్తీ పట్టిన ఉదంతం సీరత్ గ్రంథాల్లో చదువుకున్న మనకు ఈ రెండు దారులూ తగినవి కావు.

రామమూర్తి పుట్టింది ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో. ఆనాటి శ్రీకాకుళం ప్రాంతపు ఆ ఊరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 1880ల తొలి సంవత్సరాల్లో జన్మించారు. తండ్రి పేరు వెంకన్న నాయుడు. తల్లి లేని పిల్లవాడు ఇంటి పట్టున ఉండేవాడు కాదు. వేకువనే ఊరి చెరువు దగ్గరికి పోయి కసరత్తు చేసేవాడు. అక్కడ ఎవరో సాధువు కనిపించి రహస్య విద్య ఉపదేశించాడని ఒక కథ ఉంది. ఆ కథను నమ్మేవారితో మాకు పేచీ లేదు. మేము లెక్కలోకి తీసుకునేది ఆ చెరువుగట్టున గడిచిన తెల్లవారుజాములను మాత్రమే.

తర్వాత ఆ పిల్లవాణ్ణి విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి దగ్గర ఉంచారు. అక్కడ హైస్కూలు చదువూ, వ్యాయామశాలలో కుస్తీ సాధనా రెండూ నడిచాయి. పుస్తకాల మీద కంటే గోదా మీదే మనసు ఎక్కువని అందరూ రాశారు. దానిని మేము దాచిపెట్టము. 21 ఏళ్ళ నాటికి ఛాతీ మీద టన్నున్నర బరువు మోసేవారనీ, క్రమంగా అది మూడు టన్నులకు చేరిందనీ చెబుతారు. ఆ అంకెలు చూసి ఆశ్చర్యపోవడం కంటే, టన్నున్నరకూ మూడు టన్నులకూ మధ్య ఎన్ని ఉదయాలు గడిచి ఉంటాయో ఆలోచించడం మేలు. కుస్తీ నేర్చే పిల్లవాడు మొదటి ఏడాదంతా కింద పడుతూనే ఉంటాడు. తనకంటే పెద్దవాడు వీపు నేలకు ఆనించేస్తాడు. లేచి ఒంటి మట్టి దులుపుకొని మళ్ళీ తలపడాలి. లెక్కల పరీక్షలో మొదటిసారి తప్పిన విద్యార్థికి కావలసినదీ ఆ అలవాటే. అది ఉపన్యాసాలతో వచ్చేది కాదని ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన మాకు తెలుసు.

ఆయన జీవితంలో మాకు అన్నిటికంటే విలువైన ఘట్టం ఇక్కడ వస్తుంది. బలంలో తనకు ఎదురులేని స్థితిలో ఆ యువకుడు మద్రాసు దగ్గరి సైదాపేట కాలేజీకి వెళ్ళారు. అక్కడ ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, శిక్షకుడుగా సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. గోదాలో అప్పటికే వస్తాదు అనిపించుకున్న మనిషి మళ్ళీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చోవడం ఎంత కష్టమో ఊహించండి. తనకు వచ్చిన విద్యనే మరొకరు చెప్పిన పద్ధతిలో, మరొకరు పెట్టిన పరీక్షకు నిలబడేటట్టు నేర్చుకోవాలి. అంతకు ముందు పట్టిన కుస్తీలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క ఏడాది ఒక ఎత్తు. ఆ కాగితం పట్టుకొని విజయనగరం తిరిగి వచ్చి, తాను చదివిన హైస్కూలులోనే వ్యాయామ శిక్షకుడుగా చేరారు. పుస్తకం మీద మనసు నిలవని పిల్లవాడు అదే బడికి ఉస్తాదై వచ్చాడన్నమాట.

ఈ దారి ఇప్పటికీ మూసుకుపోలేదు. పాఠశాలల క్రీడా పోటీల్లో కుస్తీ ఉంది. కాలేజీ ప్రవేశాల్లో క్రీడాకారులకు ప్రత్యేక కోటా ఉంది. పాటియాలాలో మహారాజుల మోతీబాగ్ రాజభవనంలో 1961లో ప్రారంభమైన జాతీయ క్రీడా సంస్థలో కుస్తీ శిక్షకులకు డిప్లొమా ఇస్తారు. గామా జిబిస్కోను ఓడించిన నగరమే అది. కానీ ఈ ద్వారాల దగ్గర చదువుకున్న సర్టిఫికెట్టూ అడుగుతారు. పదో తరగతి మానేసిన పహిల్వాన్‌కు ఎంత బలమున్నా ఆ వాకిలి తెరుచుకోదు.

రామమూర్తి మాత్రం బడిలో ఎంతోకాలం ఉండలేదు. ఉపాధ్యాయులమైన మాకు ఇక్కడ కాస్త చివుక్కుమంటుంది. విజయనగరంలో పొట్టి పంతులు అనే పెద్దమనిషి ప్రోత్సాహంతో సర్కస్ కంపెనీ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి ఛాతీ పొంగించి తెంపేవారు. రెండు కార్లకు కట్టిన తాళ్ళను పట్టుకొని అవి కదలకుండా నిలిపేవారు. నేల మీద పడుకొంటే ఛాతీ మీద పలక వేసి ఏనుగును ఎక్కించేవారు. ఇందులో మాయ లేదు. పలక బరువును పరుస్తుంది. బిగబట్టిన ఊపిరి పక్కటెముకలకు లోపలి నుండి ఆసరా ఇస్తుంది. మిగిలినదంతా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోయిన సాధన. చూసివచ్చి ఇంట్లో ప్రయత్నించే పిల్లలుంటారు గనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది. ఆయన శాకాహారి అన్న సంగతి కూడా చెప్పాలి. నహారీ, పాయా లేనిదే పహిల్వాన్ కాలేడని వాదించే మా మిత్రులకు ఇది కొంచెం ఇబ్బందికరమైన విషయమే.

పేరుప్రతిష్ఠల సంగతి త్వరగా ముగిద్దాము. పూనాలో తిలక్ ఆయనను ఆదరించి మల్లమార్తాండ అని బిరుదిచ్చారు. అలహాబాదుకు మదన్ మోహన్ మాలవ్యా పిలిపించారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఆయనను ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. తెలుగువారికి ఆయన కలియుగ భీముడు. సంపాదించిన ధనం చాలావరకు దానాలకే పోయింది.

చివరి దశలో కాలికి పుండు పడి, ఆ కాలు తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్స వేళ క్లోరోఫాం వద్దని, ఊపిరి నిలిపి ఆ బాధను ఓర్చుకున్నారని చెబుతారు. గొలుసులు తెంపిన మనిషి ఒక కాలితో మిగిలారు. అప్పటికి సర్కస్ లేదు, ధనం కూడా లేదు. ఒరిస్సాలోని బలంగీర్ ప్రాంతంలో సంస్థానాధీశుని ఆదరణలో శేషకాలం గడిపి, 1942 జనవరిలో సంక్రాంతి రోజుల్లో కన్నుమూశారు. విశాఖ సముద్రతీరాన ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో పిల్లలు పోటీలకు దిగే స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.