రామదండు నాయకుడు – ఆంధ్రరత్న

భగవద్భక్తి దేవాలయ ప్రాకారములతో ముగియునది కాదనియు, లోకహితమునకై కష్టములనోర్చుటయు భగవత్కైంకర్యమే యనియు ఆచరణమున చూపిన మహనీయులలో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారొకరు.

వారు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి కోదండరామస్వామి, తల్లి సీతమ్మ. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి బంధువుల పోషణమున పెరిగిరి. పిదప స్కాట్లండు దేశమునకేగి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమును పొందిరి. సముద్రములు దాటినను స్వదేశ విద్యలయందలి ఆదరము సడలలేదు. నందికేశ్వర విరచితమగు అభినయదర్పణమును ఆనంద కుమారస్వామిగారితో కలసి ఆంగ్లీకరించిరి. ఆ గ్రంథము 1917లో వెలువడినది.

జాతీయోద్యమమున ప్రవేశించిన పిదప వారు రామదండును సమకూర్చిరి. కాషాయవస్త్రములు, నుదుట సిందూరము, కంఠమున రుద్రాక్షమాల ఆ సేవకుల వేషము. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు అశేష జనసందోహమును అదుపున నుంచి సేవ చేసినవారు వీరే.

అంతకుముందే ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేసియుండెను. నేతపనివారు మొదలగు సామాన్యులపై పన్నుల భారము పెక్కు రెట్లు పెరిగెను. ఆ ఏప్రిల్ మాసముననే చీరాలకు విచ్చేసిన గాంధీమహాత్ముడు పన్ను నిరాకరణము గాని, ఊరు విడుచుట గాని అహింసామార్గములని తెలిపి నిర్ణయమును ప్రజలకే వదలెను. గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గమును చేపట్టిరి. సుమారు 15,000 జనులలో దాదాపు 13,000 మంది ఇల్లు వాకిళ్లు వదలి ఊరి వెలుపల పాకలలో కాపురముండిరి. ఆ పాకల ఊరికి రామనగరమని పేరిడిరి.

శ్రీరాముని వెంట బయలుదేరిన అయోధ్యాపౌరులు తమసాతీరమున ఒక్క రాత్రి గడపి, స్వామి కానరాక మరలిరి. ఈ పౌరులో, ఎండవానలకోర్చి ఇంచుమించు పదునొకండు మాసములు నిలిచిరి. వనవాసకథను నిత్యము వినిన చెవులకు ఇల్లు విడుచుట పరాజయముగా తోచలేదు, ధర్మముగానే తోచెను.

ఇంతలో గోపాలకృష్ణయ్యగారు బరంపురమున ఉపన్యాస నిషేధమును ధిక్కరించి, ఏడాది శిక్షపొంది తిరుచిరాపల్లి కారాగారమును చేరిరి. నాయకుడు దూరమైన జనులు క్రమముగా తమ గృహములకు మరలిరి. పురపాలక సంఘము నిలిచెను.

1928 జూన్ 10వ తేదీన క్షయవ్యాధిపీడితులై, పేదరికముననే, 39 ఏండ్ల ప్రాయమున వారు పరమపదించిరి. తలపెట్టిన కార్యము ఫలింపలేదు. కాని రామనామముతో వేలమందిని నడిపియు తనకై ఏమియు కూర్చుకొనని ఆ నిష్కామసేవ రామభక్తులకు నిత్యస్మరణీయము.