నీటికి మొగమాటం లేదు: మోక్షగుండం వారి లెక్క

గిద్దలూరు, సెప్టెంబరు 14: ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం జరుపుకుంటారు. అది సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మదినం. ఆయన పూర్వీకులది ఈ ప్రాంతంలోని మోక్షగుండం గ్రామమే. ఆ కుటుంబం మైసూరు సీమకు తరలిపోయినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచింది. ఆయన ముద్దేనహళ్లిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య ముందుగా వాన లెక్కలు, వాగుల లెక్కలు తీయించారు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా 221 తెగిపోయాయని తేలింది. పై చెరువుకు గండిపడితే ఆ నీరంతా కింది చెరువు మీద పడింది. నగరానికి ఎగువన వరదను ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

భద్రతా నియమాలు అధికారులు తమ ఇష్టప్రకారం రాసుకున్నవేనని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎంత పెద్ద వరదకు కట్ట కట్టాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నది మనుషులు కూర్చుని తేల్చుకునే విషయమే. కాని ఎంత వానకు ఎంత నీరు వస్తుంది, ఆ నీటికి కట్ట ఆగుతుందా అన్నది ఎవరి ఇష్టాన్ని బట్టీ మారదు. దొర కొలిచినా, కూలి కొలిచినా లెక్క ఒకటే.

న్యాయాన్యాయాల సంగతి అంత తేలిక కాదు. 1912 నుంచి మైసూరు దివానుగా ఉన్న ఆయన 1918లో పదవి వదులుకున్నారు. ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకు ప్రత్యేక అవకాశం కల్పించాలన్న మహారాజు ఆలోచన ఆయనకు నచ్చలేదు. యోగ్యతే చూడాలన్నది ఆయన పట్టు. తరతరాలుగా చదువుకు దూరమైనవారికి అది న్యాయమనిపించలేదు. అయితే నమ్మినదాని కోసం పదవినే విడిచిపెట్టారని అందరూ ఒప్పుకుంటారు.

1955లో భారతరత్న అందుకున్న ఆయన 1962 ఏప్రిల్ 14న కన్నుమూశారు.

ఇంకో అడుగు నీరు నిలుస్తుందని చెరువు అలుగుకు మట్టి మూటలు అడ్డం వేసే రైతులు 221 అన్న ఆ అంకెను ఒక్కసారి తలుచుకోవాలి. కట్ట తెగితే ముందు మునిగేది కింది ఊరే.