డైవింగ్ లెక్కల హాల్డేన్... కాకినాడ దాకా

అండమాన్‌కి గానీ మాల్దీవులకి గానీ డైవింగ్ ట్రిప్ ప్లాన్ చేసుకునే కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. ఏ బీసీడీ కొనాలి? బీసీడీ అంటే స్కూబా డైవర్ ఒంటికి తొడుక్కునే గాలి జాకెట్. వీపున సిలిండర్‌ని పట్టి ఉంచేది అదే. ఒక బటన్ నొక్కితే అందులోకి గాలి ఎక్కి మనిషి తేలతాడు, ఇంకోటి నొక్కితే గాలి పోయి కిందికి దిగుతాడు. ఆన్‌లైన్‌లో చూస్తే రంగులు, జేబులు, డిస్కౌంట్లు... మొబైల్ కొన్నట్టే కొనేస్తున్నారు. స్పెసిఫికేషన్లు పోల్చి చూడటం నాకూ సరదానే. కానీ ఈ జాకెట్ విషయంలో స్పెక్ షీట్ కన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒక మనిషి జీవితం. పేరు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంటర్ బైపీసీ వాళ్లకి వెంటనే గుర్తొస్తాడు. జీవం పుట్టుక పాఠంలో ఒపారిన్ పక్కన బట్టీ పట్టిన హాల్డేన్ ఈయనే.

1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఫిజియాలజిస్టు. గనుల్లో, సొరంగాల్లో, మురుగు కాలువల్లో గాలి ఎలా ఉంటుంది, అక్కడ మనుషులు ఎందుకు చనిపోతున్నారు అని తేల్చడం ఆయన పని. కొడుకుని కూడా వెంట తీసుకెళ్లేవాడు. ఒకసారి బొగ్గు గనిలో కప్పు తక్కువ ఎత్తున ఉన్నచోట పిల్లాడిని నిలబెట్టి, షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకంలోని ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడట. నాలుగు ముక్కలు చెప్పేసరికి ఆయాసం వచ్చి కుప్పకూలాడు. కింద పడ్డాక ఊపిరి మళ్లీ బాగానే ఆడింది. మీథేన్ గాలి కన్నా తేలిక కాబట్టి కప్పు కిందే పేరుకుంటుంది, నేల దగ్గర మంచి గాలి ఉంటుంది. ఆ పాఠం ఇక జన్మలో మర్చిపోయేది కాదు. ఇవాళ ఏ తండ్రైనా ఇలా చేస్తే చైల్డ్‌లైన్‌కి ఫోన్ వెళ్తుంది, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో బ్రిటిష్ నేవీకి పెద్ద తలనొప్పి ఉండేది. లోతుకి వెళ్లిన డైవర్లు పని చక్కగా చేసుకొచ్చేవారు, పైకి వచ్చాక కీళ్ల నొప్పులతో మెలికలు తిరిగేవారు. కొందరికి కాళ్లు పడిపోయేవి, కొందరు చనిపోయేవారు. కారణం మనం పీల్చే గాలిలోని నైట్రోజన్. లోతులో పీడనం పెరిగేకొద్దీ అది రక్తంలో, కండరాల్లో, కొవ్వులో ఎక్కువగా కరుగుతుంది. ఒక్కసారిగా పైకి వస్తే సోడా బుడ్డి మూత తీసినట్టే, ఒంట్లో బుడగలు పొంగుతాయి. తండ్రి హాల్డేన్ ఉక్కు చాంబర్‌లో మేకల్ని పెట్టి, పీడనం పెంచి తగ్గించి చూశాడు. నొప్పి వచ్చిన మేక ముందు కాలు ఎత్తి పట్టుకునేది. అలా చూసి చూసి ఒక లెక్క పట్టాడు. మొత్తం పీడనం సగానికి తగ్గేదాకా రావచ్చు, ఆ తర్వాత మెట్టుమెట్టుగా ఆగుతూ రావాలి. 30 మీటర్ల లోతులో పీడనం 4 అట్మాస్ఫియర్లు అనుకుంటే, 2 అట్మాస్ఫియర్లుండే 10 మీటర్ల దాకా వచ్చి, అక్కడి నుంచి ఆగి ఆగి పైకి. 1908లో ఈ పట్టికలు అచ్చయ్యాయి. తర్వాతి వాళ్లు ఆ అంకెల్ని చాలా సవరించారు గానీ, ఆగి ఆగి పైకి రావడం అన్న ఆలోచన మాత్రం ఇప్పటి డైవ్ కంప్యూటర్లలోనూ ఉంది.

ఈ లెక్కని సముద్రంలో పరీక్షించింది 1906లో, స్కాట్లండ్ తీరంలో. నేవీ అధికారులు డమాంట్, కాట్టో 210 అడుగుల లోతు దాకా దిగి క్షేమంగా వచ్చారు. అదే చోట పదమూడేళ్ల జాక్ హాల్డేన్ కూడా డైవింగ్ సూట్‌లో దూరాడు. అప్పటి సూట్ అంటే రాగి హెల్మెట్, రబ్బరు పూసిన గుడ్డ, ఓడ మీద నుంచి పంపుతో కొట్టే గాలి. హెల్మెట్‌కి ఉన్న వాల్వు తిప్పి లోపల ఎంత గాలి ఉంచుకోవాలో డైవరే చూసుకోవాలి. గాలి ఎక్కువైతే బెలూన్‌లా పైకి ఎగిరిపోతాడు, తక్కువైతే నీటి ఒత్తిడికి నలిగిపోతాడు. ఒక రకంగా ఆ సూటే అప్పటి బీసీడీ. సమస్యేంటంటే అది పెద్దవాళ్ల కొలతకి కుట్టింది. కుర్రాడి సన్నటి మణికట్ల దగ్గర బిగుతు చాలక నీళ్లు లోపలికి రావడం మొదలైంది. కాళ్లు నిండాయి, నడుము దాటింది, ఛాతీ దాకా వచ్చింది. గాలి వాల్వుని సర్దుకుంటూ నీటిని అక్కడే ఆపగలిగాడు. వణుకుతూ బయటికొచ్చాడు.

బీసీడీ కొనేటప్పుడు నేను మొదట చూడమనేది ఇదే. సైజు. బ్రాండ్ ఆ తర్వాత. వదులుగా ఉన్న జాకెట్ నీటి పైన గాలి నింపగానే చెవుల దాకా ఎక్కి కూర్చుంటుంది, సిలిండర్ వీపు మీద అటూ ఇటూ దొర్లుతుంది. మరీ బిగుతుదైతే నిండా గాలి ఎక్కినప్పుడు పక్కటెముకల్ని నొక్కి ఊపిరే ఆడనివ్వదు. ట్రిప్‌లో ఏ సూట్ వేసుకుంటారో అది వేసుకునే షాపులో తొడుక్కుని చూడండి. పూర్తిగా గాలి నింపించి, గుండెల నిండా ఊపిరి పీల్చండి. పీల్చలేకపోతే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

రెండోది గాలి వదిలే వాల్వులు. 10 మీటర్ల లోతులో జాకెట్‌లో ఉన్న 3 లీటర్ల గాలి, ఉపరితలానికి వచ్చేసరికి 6 లీటర్లవుతుంది. మీరు ఏ బటనూ నొక్కక్కర్లేదు, అదే పెరిగి మిమ్మల్ని ఇంకా వేగంగా లాక్కుపోతుంది. కొత్తవాళ్లు పైకి రావడానికి గాలి నింపే బటన్ నొక్కుతుంటారు. లిఫ్ట్ బటన్ కాదది. ఫిన్స్ ఆడిస్తూ, గాలి కొంచెం కొంచెం వదులుతూ రావాలి. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి. అలా ఆగాలంటే భుజం దగ్గరి వాల్వు, నడుము వెనక వాల్వు రెండూ చేతికి తడుముకోకుండా అందాలి. మేకలు కాలెత్తి చెప్పిన పాఠం చివరికి ఆ రెండు చిన్న తాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

ఇక హాల్డేన్ చదువు. ఇది మన పేజీ పాఠకులకి కాస్త ఊరట. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప జీవశాస్త్రవేత్తల్లో ఒకరైన ఈయనకి సైన్స్ డిగ్రీ లేదు! ఆక్స్‌ఫర్డ్‌లో ముందు గణితం, తర్వాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం చదివారు. 1914లో డిగ్రీ చేతికొచ్చేసరికి మొదటి ప్రపంచ యుద్ధం. బ్లాక్ వాచ్ రెజిమెంట్‌లో చేరి ఫ్రాన్స్‌లో, మెసపొటేమియాలో పోరాడి గాయపడ్డారు. మధ్యలో తండ్రితో కలిసి క్లోరిన్ గ్యాస్ పీల్చి మాస్కుల్ని పరీక్షించారు. యుద్ధం అయ్యాక ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజియాలజీ, కేంబ్రిడ్జ్‌లో బయోకెమిస్ట్రీ, లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం. చిన్నప్పటి నుంచి తండ్రి ల్యాబ్‌లో సాయం చేసిన అనుభవం, గట్టి మ్యాథ్స్, ఈ రెండే పెట్టుబడి. ఈసీఈ చదివి డేటా అనలిస్టు అయినవాళ్లని బ్రాంచ్ మారారంటూ ఎగతాళి చేసే ఇంటర్వ్యూ ప్యానెళ్లకి ఈ రెజ్యూమె ఒకసారి చూపించాలి. డార్విన్ ప్రకృతి వరణానికీ, మెండెల్ సూత్రాలకీ గణితంతో ముడివేసిన ముగ్గురిలో ఈయన ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, రైట్. మధ్యలో వ్యక్తిగత జీవితం సాకుగా కేంబ్రిడ్జ్ ఉద్యోగం లోంచి తీసేస్తే, అప్పీలు చేసి గెలిచి అదే ఉద్యోగంలో కూర్చున్నారు. అన్నిట్లోనూ ఆయనదే రైటని కాదు. కమ్యూనిస్టు అభిమానంతో సోవియట్ యూనియన్‌లో లైసెంకో జన్యుశాస్త్రాన్ని నాశనం చేస్తుంటే, అది తప్పని గట్టిగా చెప్పడానికి చాలా ఆలస్యం చేశారు.

మళ్లీ నీటి దగ్గరికి వద్దాం. 1939 జూన్ 1న లివర్‌పూల్ తీరంలో కొత్త సబ్‌మెరైన్ థెటిస్ ట్రయల్ రన్‌కి వెళ్లి మునిగింది. తోక భాగం నీటి పైకి కనిపిస్తూనే ఉంది, అయినా లోపలున్న 103 మందిలో బయటపడింది నలుగురే. చనిపోయిన 99 మందిలో షిప్‌యార్డు కార్మికులు చాలామంది. వాళ్ల యూనియన్లు హాల్డేన్‌ని ఆశ్రయించాయి. బయటికి వచ్చే దారి ఉండి కూడా ఎందుకు రాలేకపోయారు? అని. ఆయన స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన నలుగురు మిత్రుల్ని వెంటబెట్టుకుని, గాలి చొరబడని ఉక్కు గదిలో గంటల తరబడి కూర్చున్నారు. తమ ఊపిరి తామే మళ్లీ మళ్లీ పీలుస్తూ. కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ ఆయాసం, తలపోటు, వాంతులు, చేతులు చెప్పిన మాట వినకపోవడం. ఆ స్థితిలో మనిషి చిన్న లివర్ తిప్పడం కూడా కష్టమేనని అర్థమైంది. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జులైలో నేవీలో చేరింది. మునిగిన సబ్‌మెరైన్‌లోంచి మనుషుల్ని బయటికి తేవడంలో సాయపడటం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. థెటిస్ అడిగిన ప్రశ్న మీద ఇప్పటికీ ఇంజినీర్లకి ఉద్యోగాలున్నాయన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే నేవీ ఆయనకి ఇంకా కష్టమైన పని అప్పగించింది. రహస్యంగా వెళ్లే డైవర్లు బుడగలు కనిపించకుండా స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చాలి. అది ఎంత లోతు దాకా క్షేమం? డైవింగ్ పరికరాలు చేసే సీబ్ గోర్మన్ కంపెనీ చాంబర్‌లో హాల్డేన్, సహచరి హెలెన్ స్పర్వే, ఇంకొందరు వంతులవారీగా కూర్చుని పరీక్షించారు. 10 అట్మాస్ఫియర్ల దగ్గర గాలి పీలిస్తే తాగినట్టు మత్తు, చిన్న కూడిక కూడా తప్పుతుంది. ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీలిస్తే ముందు పెదవులు అదురుతాయి, తర్వాత ఫిట్స్. అలాంటి ఒక మూర్ఛలో హాల్డేన్ వెన్నుపూసలు దెబ్బతిన్నాయి, ఆ నొప్పి జీవితాంతం ఉండిపోయింది. కర్ణభేరి చిల్లు పడితే, సిగరెట్ పొగ చెవిలోంచి వదలొచ్చని జోకు వేసేవారు. వాసన, రుచి లేని వాయువని మనం రాసే ఆక్సిజన్‌కి ఎక్కువ పీడనంలో రుచి ఉంటుందని కూడా గమనించారు. ఇవాళ నైట్రాక్స్ కోర్సులో ఆక్సిజన్‌కి పెట్టే హద్దుల వెనక ఇలా మూర్ఛపోయిన మనుషులున్నారు.

ఆ చాంబర్‌లోనే మంచుగడ్డల నీళ్లలో కూడా పడుకుని చూశారు. చలి డైవర్‌ని ఏం చేస్తుందో తెలియాలని. వెచ్చటి సముద్రాలకి వెళ్లే మనకి ఆ బాధ లేదు, దాని లాభం నేరుగా జాకెట్ బరువులో కనిపిస్తుంది. చల్లటి నీళ్లలో మందపాటి సూట్ కావాలి. సూట్ మందం పెరిగితే అది తేలుతుంది, దాన్ని ముంచడానికి సీసం, లోతులో సూట్ నలిగాక ఆ సీసాన్ని మోయడానికి పెద్ద జాకెట్. అండమాన్ నీళ్లలో 3 మిల్లీమీటర్ల సూట్ చాలు. అల్యూమినియం సిలిండర్‌లో గాలి బరువు రెండున్నర కిలోల పైచిలుకు. సీసం సరిగ్గా కట్టుకున్నవాళ్లకి 10 నుంచి 13 కిలోలు మోయగల ట్రావెల్ బీసీడీ సరిపోతుంది. 20 కిలోల లిఫ్ట్ ఉందని గొప్పగా రాసిన జాకెట్ మీకు అనవసరం. అందులో గాలి ఎక్కడెక్కడో తిరిగి, వదలబోతే ఓ పట్టాన వదలదు. పైగా ట్రావెల్ మోడల్ రెండు మూడు కిలోలే ఉంటుంది, దేశీయ విమానంలో మామూలుగా ఇచ్చే 15 కిలోల లగేజీలో ఇరుకుతుంది. మొదటి ట్రిప్పే అయితే అసలు కొనకండి, డైవ్ సెంటర్‌లో ఇచ్చేది వేసుకోండి. నాలుగైదు రకాలు వాడాకే మీ ఒంటికి ఏది నప్పుతుందో తెలుస్తుంది.

1957లో హాల్డేన్, హెలెన్ లండన్ వదిలి మన దేశానికి వచ్చేశారు. సూయజ్ మీద బ్రిటన్ దాడి నచ్చలేదన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. కలకత్తాలో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ధోతీ కుర్తాలోకి మారి, శాకాహారి అయ్యారు. తర్వాత భారత పౌరసత్వం తీసుకున్నారు. ఖరీదైన ల్యాబ్ లేదని కూర్చోవద్దనేవారు కుర్రాళ్లతో. కొబ్బరి చెట్ల ఆకులు ఎటు తిరుగుతాయో లెక్కపెట్టించారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ డిగ్రీ అయ్యాక ఆయనకి ఉత్తరం రాసి శిష్యుడిగా చేరారు. సీతాకోకచిలుకలు ఏ రంగు పూల మీద వాలతాయో చూసి రాశారు, చెవుల మీద వెంట్రుకలు వంశంలో ఎలా వస్తాయో ఆంధ్ర కుటుంబాల్లో పరిశీలించారు. తర్వాత అమెరికాలో స్థిరపడి గురువు జీవితచరిత్ర కూడా రాశారు. రిఫరెన్సు లేకుండా రాసిన ఒక్క ఉత్తరంతో మొదలైన కెరియర్ అది.

మహలనోబిస్‌తో పొసగక హాల్డేన్ ఆ సంస్థ నుంచి బయటికొచ్చి, 1962లో భువనేశ్వర్ చేరారు. ఒడిశా ప్రభుత్వం అక్కడ ఆయన కోసం జన్యుశాస్త్ర ల్యాబ్ పెట్టింది. రెండేళ్లు తిరక్కుండానే క్యాన్సర్. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆసుపత్రి మంచం మీదే క్యాన్సర్ మీద నవ్వులాటగా ఒక పద్యం రాసి పత్రికలో అచ్చేయించారు. లక్షణాలు కనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లమని అందులో సారాంశం. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

పోయాక ఏం చేయాలో కూడా ముందే రాసిపెట్టారు. బతికుండగా ప్రయోగాలకి పనికొచ్చిన ఒళ్లు ఆ తర్వాత తనకి ఎందుకూ పనికిరాదని, దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇవ్వాలని, పాడవకుండా చల్లగా ఉంచే ఖర్చుని తన ఆస్తిలోంచి అన్నిటికన్నా ముందు చెల్లించాలని. అప్పటికి ఆ కాలేజీ పెట్టి ఆరేళ్లే. అలాగే పంపారు. అనాటమీ విద్యార్థులు ఆ దేహం మీద చదువుకున్నారు. అస్థిపంజరాన్ని కాలేజీ భద్రపరిచింది, ఆక్సిజన్ మూర్ఛలో దెబ్బతిన్న వెన్నుపూసలతో సహా.