వట్టికోట ఆళ్వారుస్వామిగారు: పరుల బ్రదుకును వ్రాసిన తీరు

ఒక కులమునుగాని, ఒక మతమువారినిగాని కథలో జూపుట సామాన్యమైన పని గాదు. సంఖ్యలో కొలదియై, చేత పత్రికలు లేని జనులు, తమ్ము గూర్చి యబద్ధము వ్రాసిన నెదురు చెప్పజాలరు. ఆ యబద్ధమే లోకమున నిజమై నిలుచును. నాటకములందును, హాస్యకథలందును తమ పలుకును, తమ వృత్తిని వెక్కిరింపగా జూచి నొచ్చుకొనని కులము మన దేశమున నరుదు. దీనికి విరుగుడేమని యాలోచించినపుడు మాకు వట్టికోట ఆళ్వారుస్వామిగారి జీవితము స్ఫురించినది. దానినే యీ మహాసభా సంచికలో మా చదువరుల ముందుంచుచున్నాము.

ఆయన 1915వ సంవత్సరమున నల్లగొండ జిల్లాలో నొక పేద వైష్ణవ కుటుంబమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోలుపోయి, ఒక యుపాధ్యాయుని యింట వంట చేయుచు చదువు నేర్చిరి. కొంతకాలము విజయవాడలో హోటలు పని చేసి, పిదప హైదరాబాదు చేరి ప్రూఫులు దిద్ది జీవించిరి. వంటయింట నిలిచినవానికి యజమానులు పనివారితో నెట్లు మాటాడుదురో, వారు లేనపుడు పనివారు తమలో దా మేమనుకొందురో రెండును వినవచ్చును. ఇది గ్రంథాలయమున దొరకని విద్య.

1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ఆ పుస్తకములను తామే మోసికొని యూరూర దిరిగి యమ్మిరి. ఆ విధముగా దెలంగాణపు పల్లెలు ఆయనకు నడకచే దెలిసినవి.

ఆ కాలమున నిజామాబాదు సీమ వేగముగ మాఱుచుండెను. 1931 నాటికి నిజాంసాగరు పూర్తియయ్యెను. కాలువ నీట చెఱకు పెరిగెను. 1937లో బోధనునందు చక్కెర కర్మాగారము వెలసెను. ఆ యేటనే నిజామాబాదున ఆంధ్రమహాసభ ఆఱవ సమావేశము జరిగెను. సుమారు పదియేండ్లకు ఆ పట్టణపు ఖిల్లా జైలే ఆళ్వారుస్వామిగారికి నిలయమయ్యెను.

నిజాము ప్రభుత్వము నెదిరించినందున వారు బంధింపబడిరి. దాశరథి కృష్ణమాచార్యులుగారు అచ్చట తోడి ఖైదీ. దాశరథిగారు బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరి. తరువాత తమ అగ్నిధారను ఆళ్వారుస్వామిగారికే యంకితమిచ్చిరి. ఆళ్వారుస్వామిగారో, నేరములకు శిక్షపొందిన సామాన్య ఖైదీలవైపు చూపు నిలిపిరి. వారికంటె నోరులేని జనులెవరు? లోకము వారిని దొంగయనియో, హంతకుడనియో యొక్క మాటతో ముగించును. ఆయన వారితో గలిసియుండి, వారి నా నేరమునకు ద్రోసిన పరిస్థితు లెట్టివో విచారించిరి. ఆ యనుభవమే జైలు లోపల యను కథల సంపుటమైనది. అందు ఖైదీలను దేవతలుగా జేయలేదు, రాక్షసులుగాను జేయలేదు. జాలి యొక్కటే చాలదనియు, ఎఱుక వలయుననియు నా పుస్తకము తెలుపుచున్నది.

పిదప వచ్చిన ప్రజల మనిషి నవలలో దొరల దౌష్ట్యమును, వెట్టిచాకిరిని, నాటి మతమార్పిడుల కలతను చిత్రించిరి. గంగు అను నవల ముగియకముందే, 1961లో, నలువదియైదేండ్ల ప్రాయమున స్వర్గస్థులైరి.

బోధను కర్మాగారము 2015లో మూతపడినది. ఆ సీమలోని చెఱకు రైతులు, మాజీ కార్మికులు, బీడీలు చుట్టు స్త్రీలు, లంబాడీ తండాలవారు, ఉర్దూ మాటాడు కుటుంబములు ఇంకను తగినంత కథలకెక్కలేదు. వ్రాయబోవువారికి మా మనవి యిది. వారు తమ్ము దా మే పేరున బిలుచుకొందురో యడుగుడు. కూలి యెట్లు లెక్కింతురో, పెండ్లికి, చావునకు నేమి చేయుదురో కనుగొనుడు. ఒక్క యింటి మాటను కులమంతటి మాటగా దలపకుడు. వ్రాసినదానిని అచ్చునకు ముందు వారికే చదివి వినిపింపుడు.

మన సంఘీయులకును ఒక కర్తవ్యము కలదు. రచయిత మన వాకిటికి వచ్చినపుడు గొప్పలు మాత్రమే చెప్పి పంపరాదు. మన కష్టమును, మనలోని లోపమును గూడ చెప్పినచో గదా యాతడు నిజము వ్రాయగలుగును.