అప్పు చేసి గొరిల్లాల దగ్గరికి

అప్పు చేసి పప్పుకూడు తినేవాళ్లని చూశాం, అప్పు చేసి పెళ్లిళ్లు చేసేవాళ్లనీ చూశాం. అప్పు చేసి ఒంటరిగా ఆఫ్రికా అడవులు చూడ్డానికి బయల్దేరిన ఆడమనిషి సంగతి ఎప్పుడైనా విన్నారా? ఆవిడే డయాన్ ఫాసీ. పర్వత గొరిల్లాల పేరెత్తితే ప్రపంచంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆవిడే.

1932 జనవరి 16న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. తండ్రికి తాగుడు. పిల్లకి ఆరేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు, తల్లి ఇంకో పెళ్లి చేసుకుంది. సవతి తండ్రికి డబ్బుకి లోటు లేదు, మనసుకే లోటు. పదేళ్లొచ్చేదాకా ఆ పిల్ల పెద్దవాళ్లతో కలిసి భోజనానికి కూర్చోకూడదు, వంటింట్లో పనిమనిషితో తినాలి. పెంచుకోడానికి ఇచ్చింది ఒక్క గోల్డ్ ఫిష్. అది చచ్చిపోతే మరోటి కొనివ్వలేదు.

పశువుల డాక్టరవ్వాలని చేరింది గానీ ఫిజిక్సూ కెమిస్ట్రీ ఎక్కక ఆ చదువు మానేసింది. 1954లో ఆక్యుపేషనల్ థెరపీలో పట్టా తీసుకుంది. అంటే రోగాల వల్ల చేతులూ కాళ్లూ స్వాధీనం తప్పినవాళ్లకి రోజువారీ పనులు మళ్లీ నేర్పించే విద్య అన్నమాట. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగం. ఊరి బయట ఓ పాత ఇంట్లో కుక్కలతో కాపురం. జీవితం అలాగే గడిచిపోవచ్చు. చాలామందికి గడిచిపోతుంది కూడా.

కానీ ఆవిడకి ఆఫ్రికా వెళ్లాలని కోరిక. స్నేహితురాలు వెళ్లొచ్చి ఫొటోలు చూపించాక అది మరీ ఎక్కువైంది. డబ్బేదీ? పొదుపు చేసింది చాల్లేదు, సవతి తండ్రి సాయం చెయ్యనన్నాడు. చివరికి రాబోయే మూడేళ్ల జీతాన్ని పూచీ పెట్టి బ్యాంకులో అప్పు తీసుకుంది. మన భాషలో చెప్పాలంటే, చీటీ ముందే పాడుకుని ఆ తర్వాత నెలనెలా కట్టుకుంటూ పోవడం. 1963లో ఏడు వారాల సఫారీ. కెన్యా, టాంగన్యికా, కాంగో, రొడీషియా చూసి రావాలని ప్లాను. బ్రిటిష్ వేటగాడొకాయన్ని దారి చూపించడానికి కుదుర్చుకుంది. ఆవిడకి ఆస్తమా, ఎత్తులంటే భయం. అయినా పదివేల అడుగులు దాటిన ఎత్తు కొండ కూడా ప్రయాణంలో చేర్చుకుంది!

దారిలో ఓల్డువాయి లోయలో ఆదిమానవుల అవశేషాలు తవ్వుతున్న లూయీ లీకీ దంపతులని చూడ్డానికి ఆగింది. అక్కడ కాలు జారి గుంటలో పడి మడమ విరగ్గొట్టుకుంది. నొప్పికి తట్టుకోలేక, అప్పుడే బయటపడ్డ శిలాజం మీదే వాంతి చేసుకుంది. ఇంకెవరైనా అయితే తలదించుకుని వెనక్కి తిరిగేవాళ్లు. ఈవిడ రెండు వారాలకి కుంటుతూ మికెనో కొండెక్కింది. అక్కడే కబారా అనేచోట, తడి ఆకుల మధ్య మొదటిసారి గొరిల్లాలు కనిపించాయి.

ఇదంతా నేను ఇంత వివరంగా చదవడానికి కారణముంది. మేమూ మా బావగారి కుటుంబమూ రువాండా వెళ్దామని అనుకుంటున్నాం, కాగితాలూ లెక్కలూ నా వంతుకొచ్చాయి. గన్నవరంలో విమానం ఎక్కి ఢిల్లీయో ముంబయో చేరి అక్కణ్ణించి ఆఫ్రికా పోవడం పెద్ద విశేషం కాదిప్పుడు. గుండె గుభేలుమనేది గొరిల్లాల పర్మిట్ దగ్గరే. 2017 నుంచీ మనిషికి 1500 డాలర్లు, మన డబ్బులో లక్షా పాతిక వేల పైమాట. అదీ ఒక్క గంటకి! గుంపుకి ఎనిమిది మందిని మించి పంపరు, పదిహేనేళ్లు నిండని పిల్లల్ని రానివ్వరు. జలుబున్నవాళ్లు కూడా వెళ్లకూడదు, మన జబ్బులు వాటికి అంటుకుంటాయి. మన పిల్లలకి సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలలు అక్కడ భారీ వానల కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నయం. లెక్క వేసి చూపిస్తే మావారు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సరే, డయాన్ దగ్గరికొద్దాం. తిరిగొచ్చి ఆసుపత్రిలో పనిచేస్తూ అప్పు తీర్చుకుంటూ, ప్రయాణం గురించి స్థానిక పత్రికకి వ్యాసాలు రాసింది. 1966లో లీకీ ఉపన్యాసం ఇవ్వడానికి ఆ ఊరొస్తే, ఆ వ్యాసాలు పట్టుకెళ్లి చూపించింది. గొరిల్లాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసే మనిషి కోసం వెతుకుతున్న ఆయన, ఈవిడే తగిన మనిషని నిశ్చయించాడు. ముందు అపెండిక్స్ తీయించుకోవాలన్నాడు. ఆవిడ నిజంగానే ఆపరేషన్ చేయించుకుంది. తర్వాత వచ్చిన ఉత్తరం చూస్తే, అది పట్టుదల పరీక్షించడానికి అన్న మాట మాత్రమేనట!

1967 జనవరిలో కబారాలో మొదలుపెట్టింది. కాంగోలో గొడవల వల్ల జూలైలో బయటపడాల్సొచ్చింది. సెప్టెంబరు 24న రువాండా వైపు, కరిసింబి, విసోకే కొండల మధ్య గుడారం వేసి, రెండు పేర్లూ కలిపి కరిసోకే అని పెట్టింది. గొరిల్లాలు భయపడకుండా వాటిలాగే వంగి నడిచేది, ఆకుకాడలు నమిలేది, గొంతుతో వాటి చప్పుళ్లు చేసేది. 1970లో పీనట్స్ అనే మగ గొరిల్లా తనంత తానుగా ఆవిడ చెయ్యి ముట్టుకుంది. అప్పటిదాకా సినిమాల్లో గుండెలు బాదుకునే రాక్షసిగానే జనానికి తెలిసిన జంతువది. మధ్యలో కేంబ్రిడ్జిలో డాక్టరేటూ తెచ్చుకుంది.

ఆవిడకి ప్రాణంతో సమానమైన గొరిల్లా డిజిట్. వేలు ఒకటి దెబ్బతిని ఉండేది, అందుకే ఆ పేరు. రువాండా టూరిజం వాళ్లు పర్యాటకుల్ని పిలవడానికి డిజిట్ బొమ్మతోనే పోస్టర్లు వేశారు. 1977 డిసెంబరు 31న దొంగ వేటగాళ్లు దాన్ని ఈటెలతో పొడిచి, తలా చేతులూ నరికి పట్టుకుపోయారు. గొరిల్లా చేతులతో చేసిన ఆష్‌ట్రేలు విదేశీయులు కొనేవాళ్లు మరి. చూడ్డానికి వచ్చేవాళ్ల జేబులే చంపేవాళ్లకీ ఆశ పెట్టాయన్నమాట.

ఆ తర్వాత డయాన్ మునుపటి మనిషి కాదు. వేటగాళ్ల గుడిసెలు తగలబెట్టించింది, పట్టుబడ్డవాళ్లని కొట్టించింది, ఒకసారి ఒక వేటగాడి బిడ్డని కూడా ఎత్తుకొచ్చింది. ఇది నాకు మింగుడు పడలేదు. గొరిల్లా పిల్ల కోసం మనిషి పిల్లని ఏడిపించడమేమిటి? చుట్టుపక్కల పల్లెల్లో బతకలేక అడవి మీద పడ్డవాళ్ల సంగతి ఆవిడకి పట్టలేదు. పర్యాటకులన్నా ఒళ్లు మంట. 1979లో కొన్ని సంస్థలు కలిసి గొరిల్లాలని చూపించి ఆ డబ్బుతో అడవిని కాపాడే పథకం మొదలుపెడితే, జూలో జంతువుల్లా చేస్తారని వ్యతిరేకించింది. తను కూడా మొదట డబ్బు కట్టి చూడొచ్చిన పర్యాటకురాలేనన్నది మరిచిపోయిందేమో.

1983లో గొరిల్లాస్ ఇన్ ద మిస్ట్ పుస్తకం వచ్చి లోకమంతా పేరొచ్చింది. 1985 డిసెంబరు చివర్లో, క్రిస్మస్ వెళ్లిన మర్నాడు రాత్రి, ఆవిడ గదిలోనే కత్తితో నరికి చంపారు. దగ్గర పనిచేసిన అమెరికన్ విద్యార్థే హంతకుడని, అతను దేశంలో లేకుండానే అక్కడి కోర్టు తీర్పిచ్చింది. చాలామంది నమ్మలేదు.

1981లో ఆ కొండల్లో గొరిల్లాలు 250 దాకా ఉండేవి. 2016 నాటి లెక్కకి 604 అయ్యాయి. ఆవిడ వద్దన్న పర్యాటకుల డబ్బుతోనే కాపలాదార్ల జీతాలు గడుస్తున్నాయి, రువాండా పార్కుల ఆదాయంలో పదో వంతు చుట్టుపక్కల ఊళ్లకి వెళ్తోంది. అలాగని ఆవిడ కోపం ఉత్తదనీ అనలేను. ఆ రోజుల్లో అలా అడ్డం పడకపోతే చూపించడానికి ఏం మిగిలేదో! మా ఇంట్లో పర్మిట్ డబ్బు మీద వాదన వచ్చినప్పుడల్లా నేను చెప్పేది ఇదే.

డయాన్‌ని కరిసోకేలోనే, తన గొరిల్లాల కోసం కట్టించిన శ్మశానంలో డిజిట్ పక్కన పాతిపెట్టారు. సమాధి మీద అక్కడివాళ్లు పెట్టిన పేరు, న్యిరామాచాబెల్లి అని, చెక్కి ఉంటుంది. కొండ మీద ఒంటరిగా ఉండే ఆడది అని అర్థం చెప్తారు. అక్కడికీ నడిచి వెళ్లొచ్చు. బురదా దురదగొండి ఆకులూ ఉండే ఎక్కుడు, గట్టి బూట్లుండాలి. దానికి వేరే టిక్కెట్టు.